రెండోసారి అడగని మనిషి

ఫింటన్ మల్‌రెన్నన్ వేదిక మీదికి వచ్చి, గుండె నిండా గాలి పీల్చుకుని, మొదటి పాట కోసం నోరు తెరిచే సమయానికే బ్రీజ్ టాన్సీ కొంప మునిగిపోయింది. ఆ సంగతి హాల్లో ఎవరికీ తెలియదు. ముంచిన మనిషికి కూడా తెలియదు. ఆ మనిషి ఆమెకి ఎడమ పక్క కుర్చీలోనే, తడిసిన టోపీని మోకాలి మీద ఆరబెట్టుకుని, ఏ పాపమూ ఎరగనివాడిలా పియానో వంక చూస్తూ కూర్చున్నాడు. పేరు మలకీ ఫీరిక్. పద్దెనిమిదేళ్లు హాలండ్‌లో ఓడల రేవులో పనిచేసి, అన్న పోయాక పొలం చూసుకోవడానికి కిందటేడు సొంతూరు కిల్నమోకి తిరిగొచ్చాడు. వయసు యాభై దాటింది. పెళ్లి కాలేదు. పళ్లు సొంతవే. ఈ చివరి వివరాన్ని బ్రీజ్ బట్టల కొట్టుకి వచ్చే ఆడవాళ్లంతా ఎవరికి వారు విడిగా వచ్చి, ఊలు ఉండల ధర అడుగుతున్నట్టు నటిస్తూ చెప్పి వెళ్లారు.

కచేరీకి లోపలికి వచ్చే ముందు హాలు గుమ్మం దగ్గర గొడుగు దులుపుతూ అడిగాడు. "మిస్ టాన్సీ, వచ్చే ఆదివారం కారేసుకుని ఎన్నిస్క్రోన్ వెళ్దామనుకుంటున్నా. సముద్రం చూసి, అక్కడే భోంచేసి వచ్చేద్దాం. మీరూ వస్తారా?" కిల్నమోలో ఒక మగవాడు ఒక ఆడమనిషిని ఆదివారం పూట కారులో సముద్రం దగ్గరికి రమ్మన్నాడంటే, ఇక ఉంగరం కొలత అడగడం ఒక్కటే తక్కువ. బ్రీజ్ గుండె ఝల్లుమంది. గొడుగు నీళ్లు బూట్ల మీద పడుతున్నా కదలకుండా నిలబడి, మర్యాదగల మనిషి ఏమనాలో అదే అంది. "అయ్యో, ఎందుకండీ, వద్దు వద్దు."

"సరే," అన్నాడు మలకీ ఫీరిక్. అని, తలుపు తెరిచి పట్టుకుని, ఆమెని ముందు లోపలికి వెళ్లనిచ్చాడు.

సరే అట! కిల్నమోలో పుట్టిన మనిషి నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చింది? వద్దంటే సరే అంటారా ఎక్కడైనా? "అబ్బే, అలా అనకండి, రావాలి" అనాలి. అప్పుడు తను "మీకెందుకు శ్రమ" అనాలి. అప్పుడు ఆయన "శ్రమేముంది, ఎలాగూ వెళ్తున్నా కదా" అనాలి. అప్పుడు తను కాసేపు నేల చూసి, "మరీ అంతగా అంటున్నారు కాబట్టి" అనాలి. అదీ పద్ధతి. టీ అయినా అంతే, కేకు ముక్కయినా అంతే, చావింట్లో పోసే విస్కీ అయినా అంతే. ఈ ఊళ్లో రెండుసార్లు వద్దనకుండా ఎవరూ దేన్నీ ముట్టుకోరు. ఫాదర్ టోలన్‌ని ఈ చర్చికి వేస్తామని బిషప్‌గారు అన్నప్పుడు ఆయన కూడా తనకంత అర్హత లేదని రెండుసార్లు అన్నాడట, బిషప్‌గారికి కూడా ఆ సంగతి తెలుసు కాబట్టి మూడోసారి అడిగాడట. పరలోక ద్వారం దగ్గర సెయింట్ పీటర్ లోపలికి రమ్మంటే అమ్మ కూడా "అయ్యో, నేనిక్కడే గుమ్మంలో ఉంటాన్లెండి" అనే ఉంటుంది. ఆయన రెండోసారి అడగకపోతే ఇప్పటికీ గుమ్మంలోనే ఉండి ఉంటుంది, పాపం, చలిలో.

వేదిక మీద పాటలో ఎవరో అమ్మాయి పడవెక్కుతోంది. మల్‌రెన్నన్ గొంతు మంచి గొంతే, వెన్న రాసిన కత్తిలా ఎంత పైకైనా జారిపోతుంది, కానీ ఆయన పాటల్లో ఒక్కరైనా నిమ్మళంగా ఇంటి పట్టున ఉండరు. ప్రతి పాటలోనూ ఎవరో ఒకరు పోతుంటారు, ఓడెక్కో, జబ్బు చేసో. మొదటి వరసలో ఆయన తల్లి, ఎనభై దాటిన ముసలావిడ, ఒక్కో మాటకీ పెదాలు కదుపుతోంది, తప్పు పాడితే అక్కడే చెంప వాయించడానికి సిద్ధంగా. హాలు పైకప్పు బాగుచేయించడం కోసమే ఈ కచేరీ. ఆ పైకప్పు కూడా తన బాధ తను వినిపిస్తోంది, పియానో పక్కన పెట్టిన బకెట్లోకి టప్, టప్ అని. పడవెక్కిన అమ్మాయి తీరం వంక చివరిసారి చూసింది. టప్. ఒడ్డున నిలబడ్డ కుర్రాడు చెయ్యి ఊపాడు. టప్, టప్. ఆ కుర్రాడు ఆ అమ్మాయిని ఉండిపొమ్మని ఎన్నిసార్లు అడిగాడో పాటలో చెప్పలేదు. ఒకసారే అడిగి ఉంటాడు. వెధవ.

పియానో వాయించే ఆవిడ కొత్త. ఎప్పుడూ మల్‌రెన్నన్ వెంట వచ్చే ముసలి లోఫ్టస్ ఏదో గొర్రెని పట్టబోయి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు కాబట్టి, డబ్లిన్ నుంచి ఈవిడని రైల్లో పంపించారు. ఫిన్లాండ్ మనిషట. మిస్ ఐనో సాల్మెలా. బట్టల ఇస్త్రీ ఎంత తిన్నగా ఉందో వీపు అంత తిన్నగా ఉంది. బకెట్లో చుక్క పడినప్పుడల్లా ఆవిడ కుడి కనుబొమ మాత్రం ఒక్క వెంట్రుక మందం లేస్తోంది. బ్రీజ్ కుడి పక్కన కూర్చున్న అట్రాక్టా గెరటీ, ఫాదర్ టోలన్ ఇంట్లో వంటా వార్పూ చూసే మనిషి, పాట అయి చప్పట్లు మొదలవగానే ఆ చప్పట్ల చాటున చెవిలో దూరింది.

"మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే పెట్టానే ఆవిడకి. బంగాళాదుంపలు ఇంకొంచెం వెయ్యనా అన్నా. వద్దంది. వేశా. తినలేదే!"

"ఒక్క ముక్క కూడానా?"

"ఒక్క ముక్క కూడా! అలాగే వదిలేసింది. వద్దన్నాను కదా అని నా మొహం మీదే అంది. ఫాదర్ ముందు!" అట్రాక్టా గుండెల మీద చెయ్యేసుకుంది. "వాళ్ల దేశంలో వద్దంటే వద్దేనట. అలా ఎలా బతుకుతారే మనుషులు?"

రెండో పాట జర్మన్‌ది, ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి ఆలోచించుకోవడానికి వీలు. వద్దంటే వద్దే. ఎంత భయంకరమైన దేశం. అక్కడ ఆడవాళ్లు ఒక్కమాట జారితే ఇక టీ లేదు, కేకు లేదు, మొగుడు లేడు. హాలండ్ కూడా ఆ వైపే ఎక్కడో ఉంటుంది, పటంలో రెండిటికీ మధ్య కొంచెం నీలం రంగు ఉన్నట్టు గుర్తు. పద్దెనిమిదేళ్లు! ఆ గాలి పీల్చి, ఆ నీళ్లు తాగి, ఊపిరితిత్తులకి చెమ్మ పట్టినట్టు ఈ మనిషికీ ఆ జబ్బు పట్టేసి ఉంటుంది. నడవడం చూస్తే మన మనిషిలాగే నడుస్తాడు, చేతులు వెనక్కి పెట్టుకుని, గేటు కనబడితే చాలు మోచేతులు ఆనించి. లోపల మాత్రం హాలండ్. బ్రీజ్ కళ్ల చివర్లతో చూసింది. గడ్డం నున్నగా గీసుకున్నాడు, చెవి కింద చిన్న గాటు, దాని మీద అంటించిన కాగితం ముక్క తీసెయ్యడం మర్చిపోయాడు. ఆ కాగితం ముక్కని తీసెయ్యాలని ఆమె వేళ్లు లాగాయి. ఒళ్లో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి.

ఆ వేళ్లకి ఆయన కొలతలు తెలుసు. అన్న అంత్యక్రియలకి నల్లకోటు కావాలని వచ్చినప్పుడు తనే టేపు పట్టింది. ఛాతీ చుట్టూ టేపు తిప్పినప్పుడు ఆయన ఊపిరి బిగబట్టాడు. మగవాళ్లు బిగబడతారు, కొత్తేం కాదు, ఛాతీ పెద్దదనిపించుకోవడానికి. కానీ ఈయన టేపు తీసేశాక కూడా వదల్లేదు. తనూ వదల్లేదని బ్రీజ్‌కి తర్వాత, తలుపుకి గడియ వేసి, కౌంటరు మీద చేతులు పెట్టి నిలబడ్డప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం రేడియోలో వాతావరణం చెప్తుంటే, అది అయిపోయి చేపల రేట్లు చెప్తుంటే, అవీ అయిపోయి గరగర మోగుతుంటే కట్టకుండా కూర్చుంది. మనిషి చావు కోసం కోటు కొనుక్కోవడానికి వస్తే ఆ క్షణాన్ని ఇలా మనసులో దాచుకోవచ్చా అని ఆ శనివారం ఫాదర్ టోలన్ దగ్గర పాపనివేదనలో అడుగుదామనుకుంది. అడగలేదు. ఆయన పక్కన అట్రాక్టా ఉండదు నిజమే, కానీ ఆ ఇంటి గోడలకి అట్రాక్టా చెవులే ఉంటాయి.

ఇది మొదటిసారి కూడా కాదు, అదీ అసలు మంట. ఇరవైల్లో ఉన్నప్పుడు దుయిగ్నన్ మాస్టారు బస్టాండులో నిలబడి టబ్బర్‌కరీలో డాన్సు ఉంది వస్తావా అన్నాడు. వద్దంది. అలా అనకు, రా, అన్నాడు, పద్ధతి తెలిసిన మనిషి కాబట్టి. అమ్మ ఊరుకోదేమో అంది. ఆయన మూడోసారి నోరు తెరిచాడు. బ్రీజ్ కళ్లతో చూసింది, పెదాలు విడిపోవడం, పళ్ల మధ్య నాలుక లేవడం. అప్పుడు బస్సు వచ్చింది. రోజూ గంట ఆలస్యంగా వచ్చే బస్సు, ఆ బస్సు పుట్టిన దగ్గర్నుంచి ఎప్పుడూ వేళకి రాని బస్సు, ఆ రోజు వేళకి వచ్చింది. కండక్టర్ "ఎక్కండి మాస్టారూ" అన్నాడు, మాస్టారు ఎక్కాడు. బస్సు అద్దం వెనకనుంచి ఏదో అన్నాడు కూడా, వినబడలేదు. మందుల కొట్టు పిల్లని చేసుకున్నాడు చివరికి. ఆ పిల్ల మొదటిసారికే అవునందని ఊరంతా ఏడాదిపాటు చెప్పుకున్నారు. సిగ్గులేని మనిషని బ్రీజ్ కూడా అంది. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ పిల్ల ఎంత తెలివైనదో!

హాలు వెనక తలుపు ఎవరో సరిగ్గా వెయ్యలేదు, వాన గాలి చీలమండల దగ్గర తిరుగుతోంది. బ్రీజ్ తనకి తెలియకుండానే భుజాలు ముడుచుకుంది. వెంటనే ఎడమ పక్కనుంచి గొంతు.

"చలేస్తోందా? నా కోటు ఇవ్వనా?"

"అబ్బే, వద్దండీ, వెచ్చగానే ఉంది."

"సరే."

ఏమి నోరు ఇది, ఏమి నోరు! పోప్‌గారు నాక్ పుణ్యక్షేత్రానికి వచ్చిన ఏడాది కొన్న పల్చటి నీలం జాకెట్టులో గడగడ వణుకుతూ, వెచ్చగా ఉందంటుందా! మెదడు తలుపు తీసేలోపే నోరు వెళ్లి వద్దని చెప్పి వచ్చేస్తోంది, కుక్క మొరిగినట్టు. పాట మారింది. ఇటలీ పాట. మల్‌రెన్నన్ ఒక చెయ్యి గుండె మీద పెట్టి, రెండోది కిటికీ వైపు చాచాడు. కిటికీ అవతల బ్రెస్లిన్ వాళ్ల ఆవు లోపలికి చూస్తోంది. ఆయన పాడేది ఎవరి గురించో గానీ ఆవు మాత్రం తన గురించే అనుకుంది, కదల్లేదు. ఇప్పుడు నవ్వొస్తే బాగుండేది. ఆదివారం వస్తానని ఉంటే ఇద్దరూ కలిసి నవ్వి ఉండేవాళ్లు. పక్క కుర్చీ చిన్నగా కిర్రుమంది. ఆయన భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడు, ఒక్కడే, ఆవుని చూసి. బ్రీజ్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

విరామంలో జరిగింది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. ఇప్పుడంటే ఇప్పుడే, రెండో సగం మొదలై మొదటి పాట నడుస్తోంది, బ్రీజ్ నాలుక అట్టలా ఎండిపోయి ఉంది. ఆయన లేచి, "టీ తెచ్చిపెట్టనా?" అన్నాడు. ఈసారి జాగ్రత్తగానే ఉంది. అవునని చెప్పాలని పెదాలు కూడా సర్దుకుంది. "వద్దండీ," అంది నోరు. ఆయన వెళ్లి ఒక్క కప్పుతో తిరిగొచ్చాడు. ఒక్క కప్పు, ఒక్క సాసరు, దాని మీద హామ్ శాండ్‌విచ్, ఆవపిండి రాసింది. పక్కనే కూర్చుని, తృప్తిగా, శబ్దం రాకుండా నమిలాడు. హాలులో అందరూ చూశారు. వెనక వరసలో ఒకావిడ తను తాగుతున్న టీ మింగడం మానేసింది. అట్రాక్టా వంటగది కిటికీలోంచి చూసి, చేతిలో టీ కెటిల్‌తోనే వచ్చేసింది.

"నీకు తేలేదా ఆ మనిషి?"

"నేనే వద్దన్నానే."

"ఎన్నిసార్లన్నావ్?"

"ఒకసారే."

"ఒకసారికే వదిలేశాడా!" అట్రాక్టా శిలువ గుర్తు వేసుకుంది. మలకీ టోపీ సర్దుకుంటూ అటు తిరిగి ఉన్నాడు కాబట్టి గొంతు తగ్గించే పని కూడా పెట్టుకోలేదు. "పాపం, ఆ హాలండ్ వాళ్లు ఏం చేశారో ఏంటో మనిషిని. ఇదిగో, నేను పోస్తాను తాగు."

"వద్దులేవే," అంది బ్రీజ్. అట్రాక్టా పొయ్యడానికి వంగింది. అప్పుడే గంట కొట్టారు, అందరూ కూర్చోవాలని.

సరే, ఏడవడం వల్ల లాభం లేదు. ఏదో ఒకటి చెయ్యాలి, అదీ పాటలు అయిపోయేలోపు. కచేరీ ముగిస్తే ఆయన టోపీ పెట్టుకుని కారెక్కుతాడు. వచ్చే ఆదివారం ఒక్కడే ఎన్నిస్క్రోన్ వెళ్తాడు, అక్కడ హోటల్లో పక్క టేబుల్ దగ్గర బల్లినా ఊరి విధవరాలు ఎవరో ఉంటుంది, ఉప్పు ఇలా ఇస్తారా అంటుంది. ఆ విధవరాలి మొహం బ్రీజ్‌కి స్పష్టంగా కనబడుతోంది. బొచ్చు కాలరు. అవునని తడుముకోకుండా చెప్పగల నోరు. అయితే తనే అడగొచ్చా? వద్దన్నదాన్ని వద్దన్నవాళ్లే వెళ్లి అడగడం ఉంటుందా? అమ్మ నేర్పిన వాటిలో వద్దనడం ఎలాగో ఉంది, మళ్లీ వద్దనడం ఎలాగో ఉంది, చివరికి లొంగడం ఎలాగో కూడా ఉంది. అవతలివాడు అడగడం మానేస్తే ఏం చెయ్యాలో లేదు. అమ్మకి అలాంటి మనిషి తగల్లేదు. నాన్న పదకొండుసార్లు అడిగాడట. అమ్మ ఆ సంగతి చెప్పినప్పుడల్లా సంఖ్య పెరిగేది, అది వేరే సంగతి.

గ్లోవు కింద పడేస్తే? తీసిస్తాడు, థాంక్స్ అంటుంది, అయిపోతుంది. దగ్గితే? దగ్గు మందు ఇస్తాడు, వద్దంటుంది, సరే అంటాడు. సముద్రం మాటెత్తాలి. మాట వరసకి. ఎవరికీ అనుమానం రాకుండా, దారిన పోతూ కంచె మీద చెయ్యేసినట్టు. పాటకీ పాటకీ మధ్య మల్‌రెన్నన్ జేబురుమాలుతో మెడ తుడుచుకుంటుండగా బ్రీజ్ ముందుకి చూస్తూనే అంది.

"సముద్రం గాలి మంచిదంటారు."

మలకీ ఫీరిక్ ఆలోచించాడు. నిజాయితీగా ఆలోచించాడు. "ఉప్పుగాలి కదా. కీళ్లకి పడదు," అన్నాడు.

అంతే. సముద్రం పోయింది. ఇక మిగిలిన పాటలన్నీ ఒకదాని మీద ఒకటి పడుతూ వెళ్లిపోయాయి. ఒక తల్లి పోయింది, ఒక గులాబీ వాడిపోయింది, ఒక సైనికుడు ఉత్తరం రాశాడు, అది చేరేలోపు అతనూ పోయాడు. బకెట్ సగం నిండి చప్పుడు మారింది, టప్ కాస్తా డుబుక్ అయింది, మిస్ సాల్మెలా రెండో కనుబొమ కూడా లేచింది. కార్యక్రమం కాగితం మీద ఒక్క పాటే మిగిలింది. అదీ మొదలైంది. అదీ సగమైంది. బ్రీజ్ ఆ మాటని నోట్లో పెట్టుకుని తిప్పుతోంది, గుటక వేస్తే జారిపోకుండా. వస్తాను. నాకు రావాలనే ఉంది. మలకీ, నాకు రావాలనే ఉంది. ఎంత చిన్న మాట. ఇంతకంటే పెద్ద పరుపు గుడ్డల తానులు భుజాన వేసుకుని మోసింది. మల్‌రెన్నన్ ఆఖరి స్వరాన్ని పైకెత్తి పట్టుకున్నాడు, పట్టుకున్నాడు, మొహం ఉడికిన బీట్‌రూట్ రంగుకొచ్చింది, తల్లి వేలెత్తి ఇక చాలంది, వదిలేశాడు.

హాలు లేచింది. ఈలలు, కేకలు, బెంచీల మీద బూట్లు. "ఇంకోటి! ఇంకోటి పాడవయ్యా ఫింటన్!" మల్‌రెన్నన్ అరచేతులు అడ్డంపెట్టి తల ఊపాడు. "లేదు లేదు, మీ అభిమానం, గొంతు పోయింది, వద్దు." అందరూ సంతోషంగా ఇంకా గట్టిగా అరిచారు. ఆయన కోటు లోపలి జేబులోంచి మరో మూడు పాటల కాగితాల అంచులు బయటికి కనబడుతూనే ఉన్నాయి. ఇది మొదటి వద్దు. ఇంకోటి ఉంది, ఆ తర్వాత పాట ఉంది, అది సూర్యోదయం లాగా అందరికీ తెలుసు.

మిస్ సాల్మెలా పియానో మూత దించింది. కాగితాలు దొంతి పెట్టింది. లేచి, వేదిక దిగి, తలుపు పక్కన కొయ్యకి తగిలించిన కోటు తీసుకుని ఒక చెయ్యి తొడిగింది.

మల్‌రెన్నన్ ఇది చూడలేదు. జనం వైపు వంగి, చిరునవ్వుతో రెండోసారి తల ఊపాడు. "వద్దు, నిజంగా, మీకు విసుగు." అని, ఇక ఒప్పుకోవడానికి పియానో వైపు తిరిగాడు. పియానో దగ్గర బకెట్ మాత్రమే ఉంది.

"మిస్ సాల్మెలా! ఎక్కడికమ్మా?"

"రైలుకి."

"ఇంకా మూడు పాటలున్నాయి కదా!"

ఆవిడ ఒక్కో మాటా విడివిడిగా, బల్ల మీద ప్లేట్లు సర్దినట్టు పెట్టింది. "వాళ్లు అడిగారు. మీరు వద్దన్నారు. నేను విన్నాను."

"అన్నాననుకోండి..."

"రెండుసార్లు అన్నారు."

"రెండుసార్లే కదా అన్నాను!" అన్నాడు మల్‌రెన్నన్, గొంతు అంతకుముందు ఏ పాటలోనూ వెళ్లనంత పైకి వెళ్లింది.

మిస్ సాల్మెలా కోటు రెండో చెయ్యి తొడగడం ఆపింది. కోపం లేదు ఆవిడ మొహంలో. తెలుసుకోవాలని ఉంది. "అయితే మీ దగ్గర వద్దంటే ఏమిటి?"

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికీ జవాబు తెలియక కాదు; ఎవరికీ ఎప్పుడూ దాన్ని మాటల్లో పెట్టాల్సిన అవసరం రాక. వేదిక మీద మల్‌రెన్నన్, అంతటి భారీ మనిషి, అడిగేవాళ్లు ఆగిపోయి, వాయించేవాళ్లు వెళ్లిపోతుంటే, నోట్లో మూడు పాటలు పెట్టుకుని నిలబడ్డాడు. బ్రీజ్ ఆయన్ని చూసింది. అయ్యో, అది నా మొహమే, అనుకుంది. అలాగే ఉండి ఉంటాను, గుమ్మం దగ్గర, బూట్ల మీద నీళ్లతో, ముప్ఫై ఏళ్ల కిందట బస్టాండులో కూడా ఇలాగే ఉండి ఉంటాను, ఎర్రగా, మర్యాదగా, ఒంటరిగా.

"నాకు రావాలనే ఉంది," అంది. నోట్లో తిప్పుకుంటున్న మాట నోట్లోనే ఉందనుకుంది. హాలంతా వెనక్కి తిరిగితే గానీ బయటికొచ్చిందని తెలియలేదు. వచ్చేసింది కాబట్టి ఇక ఆపలేదు. "ఎన్నిస్క్రోన్‌కి. వచ్చే ఆదివారం. మలకీ, మీతో రావాలని ఉంది."

మలకీ ఫీరిక్ మెడ దగ్గర మొదలైన ఎరుపు చెవుల దాకా పాకింది. టోపీని చేతుల్లో ఒకసారి పూర్తిగా తిప్పాడు. "అయ్యో," అన్నాడు, "ఎందుకండీ... వద్దులెండి. కారు పాతది, మీకు శ్రమ."

ఇంకో ఊళ్లో ఇంకో ఆడమనిషైతే అక్కడికక్కడే కూలిపోయేది. బ్రీజ్ టాన్సీకి కళ్లలో నీళ్లు తిరిగేంత సంతోషమేసింది. పద్దెనిమిదేళ్ల హాలండ్ ఈ మనిషిని ఏమీ చెయ్యలేకపోయింది! లోపల అంతా కిల్నమోనే, ఒక్క ఇటుక కూడా కదల్లేదు!

"శ్రమేముంది," అంది, జీవితంలో మొదటిసారి అవతలివైపు మాటలు తన నోట. "రావాలి మీరు. శాండ్‌విచ్‌లు నేను తెస్తాను."

"వాన పడుతుందేమో. వద్దులెండి."

"ఆయన వద్దన్నారు," అంది తలుపు దగ్గరనుంచి మిస్ సాల్మెలా, సాయం చేస్తున్నట్టు. "రెండుసార్లు."

"నువ్వూరుకోమ్మా!" అంది హాలంతా ఒక్క గొంతుతో. ఆ వెంటనే మూడోసారి అడగడానికి బ్రీజ్‌కి ఎవరూ అవకాశమే ఇవ్వలేదు. "ఒప్పుకోవయ్యా మలకీ!" "ఏం పోయింది నీకు, ఒప్పుకో!" అట్రాక్టా కుర్చీ ఎక్కి నిలబడింది. "మీ అన్న ఆత్మ చూస్తోంది రా మలకీ ఫీరిక్, ఒప్పుకో!" ఫాదర్ టోలన్ కూడా ఏదో అన్నాడు, ఆయన హోదాకి తగ్గట్టు లాటిన్‌లాంటిది.

మలకీ టోపీ లోపలికి చూస్తూ అక్కడ రాసి ఉన్నది చదువుతున్నట్టుగా అన్నాడు. "మరీ అంతగా అంటున్నారు కాబట్టి... వెళ్దాం."

మల్‌రెన్నన్‌కి సాయంత్రమంతా పడిన చప్పట్లు ఇప్పుడు హాల్లో మోగినవాటి ముందు ఎంత! ఆ చప్పట్లు తగ్గి, జనం కోట్లు వెతుక్కుంటూ, చేతులు పట్టుకుని ఊపుకుంటూ ఉండగా, మల్‌రెన్నన్ ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు. మూడోసారి అడగడం ఎవరికీ గుర్తు లేదు. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎవరూ చూడలేదు. మొదటి వరసలోంచి తల్లి చేతికర్రతో వేదికని తట్టింది. "నిన్నెవరూ అడగరు రా ఇంక. పాడు." ఈసారి ఆయన వద్దనలేదు కాబట్టి మిస్ సాల్మెలా ఒక చెయ్యి తొడిగిన కోటుతోనే వచ్చి కూర్చుని మూత ఎత్తింది. అడగకుండానే పాడుతున్న సిగ్గుతో ఆయన గొంతు మొదట్లో కాస్త వణికింది, దానివల్లే పాట బాగుందని తర్వాత అందరూ అన్నారు.

బ్రీజ్ వినలేదు. మలకీ ఆమె వైపు కొంచెం వంగాడు, కొంచెమే.

"గుమ్మం దగ్గర రెండోసారి అడుగుదామనే అనుకున్నా," అన్నాడు మెల్లిగా. "మీరు నిజంగానే వద్దంటున్నారేమోనని భయమేసింది."

"నిజంగా వద్దంటే నేనలా అంటానా?"

"మరెలా అంటారు?"

బ్రీజ్ ఆలోచించింది. నిజంగా వద్దని ఆమె ఎప్పుడూ, ఎవరితోనూ అన్నట్టు గుర్తు లేదు. ఆయన చెవి కిందికి చెయ్యి చాపి, ఆ కాగితం ముక్కని తీసేసింది. హాలు చూస్తే చూసింది. వచ్చే ఆదివారం వాన ఖాయం, ఎన్నిస్క్రోన్‌లో ఎప్పుడూ వానే, సముద్రం ఎక్కడుందో వేలితో చూపించుకోవాలి, కారు అద్దాలకి లోపల ఆవిరి పట్టి బయటేమీ కనబడదు, ఆయన టోపీతో తుడుస్తాడు, మళ్లీ పడుతుంది. పట్టనీ.